ఒకే రెండేళ్లను రెండు చోట్ల చూపించగలరా?

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్న సిస్టర్ రాసిన ఉత్తరం ఇది. పొడుగ్గా ఉండటంతో కుదించి ఇస్తున్నాం.

ఆమెకు 30 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ 61 శాతంతో పూర్తిచేసి ఏడేళ్లుగా అదే ఐసీయూలో ఉన్నారు. నెలకు 32 వేలు చేతికొస్తుంది. అందులో 14 వేలు ఇంటి లోను కిస్తీకే పోతుంది. భర్తది ప్రైవేటు ఉద్యోగం. నాలుగేళ్ల పాపను అత్తగారు చూసుకుంటారు. నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పాలని, ఎప్పటికైనా పీహెచ్‌డీ చేయాలని ఆమె కోరిక. ఈమధ్య ఒక ఏజెంటు పక్క రాష్ట్రంలో ఎంఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానన్నాడు. మూడున్నర లక్షలు కడితే క్లాసులకు రానక్కర్లేదట, పరీక్షలు రాస్తే చాలట, అటెండెన్సు, లాగ్‌బుక్కు (వార్డులో చేసిన పని గంటలు రాసే పుస్తకం), డిసర్టేషన్ (కోర్సు చివర సమర్పించే పరిశోధన పుస్తకం) వాళ్లే చూసుకుంటారట. ఈమెతో డ్యూటీ చేసిన ఒకామె ఆ దారిలోనే వెళ్లి ఇప్పుడు ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా ఉన్నారు. భర్త, మరిది మాత్రం జర్మనీ వెళ్లమంటున్నారు. "ఉద్యోగం మానేస్తే కిస్తీ ఎవరు కడతారు? మానకపోతే ఎంఎస్సీ ఎలా అవుతుంది? పీహెచ్‌డీ మాటెత్తితే ఇంట్లో నవ్వుతున్నారు" అని రాశారు.

చివర్లో ఇంకో మాట కూడా ఉంది. "నైట్‌లో ఒక్కొక్కరికి ముగ్గురు పేషెంట్లు. రెండు గంటలకోసారి పేషెంటును పక్కకు తిప్పి పొజిషన్ మార్చినట్టు తెల్లారుజామున ఐదింటికి చార్టంతా ఒకేసారి నింపేస్తాం. బెడ్‌సోర్లు (కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండ్లు) వస్తూనే ఉన్నాయి. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది."

సిస్టర్ గారూ, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనది ఆ చివరి మాటే. దాని దగ్గరికి తప్పకుండా వస్తాం. ముందు ఏజెంటు సంగతి తేల్చుకోవాలి.

చదవకుండా డిగ్రీ తెచ్చుకోవడం తప్పని మీకు తెలుసు. తెలిసింది కాబట్టే అడుగుతున్నారు. అందుకని నీతి పక్కనపెట్టి లెక్క మాత్రమే చూద్దాం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ ప్రకారం ఎంఎస్సీ రెండేళ్ల రెగ్యులర్ కోర్సు. దూరవిద్యలో లేదు. పరీక్షకు కూర్చోవాలంటే థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ 80 శాతం హాజరుండాలి, డిగ్రీ చేతికిచ్చే నాటికి ప్రాక్టికల్ గంటలు నూటికి నూరూ పూర్తవ్వాలి. ఒక్క క్లినికల్ స్పెషాలిటీకే మొదటి ఏడు 650 గంటలు, రెండో ఏడు 950 గంటలు వార్డులో ఉండాలి. ఇప్పుడు మీ విషయానికి రండి. ఆ 1,600 గంటలూ మీరు పక్క రాష్ట్రం వార్డులో ఉన్నట్టు లాగ్‌బుక్కు చెబుతుంది. అవే నెలల్లో మీరు ఐసీయూలో ఉన్నట్టు హైదరాబాద్ ఆసుపత్రి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు, జీతం స్లిప్పులు, నెలనెలా జమపడే పీఎఫ్ చెబుతాయి. రెండూ నిజం కాలేవు.

ఇది ఎక్కడ బయటపడుతుంది? ట్యూటర్‌గా చేరేటప్పుడు చాలాసార్లు బయటపడదు. మీ పాత సహోద్యోగికి పడలేదు కూడా. అసలు తనిఖీ పై మెట్లలో ఉంటుంది. ప్రభుత్వ పోస్టుకు సర్టిఫికెట్ల వెరిఫికేషన్, యూనివర్సిటీలో పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్, విదేశీ కౌన్సిల్ మీ కాలేజీని నేరుగా అడిగే థియరీ, ప్రాక్టికల్ గంటల వివరాలు, ఇలాంటి చోట్ల తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పుడు మీరు ఏదో ఒకటి వదులుకోవాలి. ఐసీయూ ఏళ్లను దాచుకుంటారా, డిగ్రీనే దాచుకుంటారా? మీకు 40 ఏళ్లొచ్చాక, పీహెచ్‌డీ మధ్యలో ఉన్నప్పుడు ఆ ప్రశ్న ఎదురైతే వెనక్కి వెళ్లి సరిచేసుకునే దారి ఉండదు. నర్సింగ్ చదువుల్లో ప్రతి మెట్టూ కింది మెట్టు తేదీల మీదే నిలబడుతుంది.

ఇంకో చిన్న పరీక్ష చెబుతాం. ఆ సీటుకు బ్యాంకులో ఎడ్యుకేషన్ లోను వస్తుందా అని ఏజెంటును అడగండి. ఫీజుకు కాలేజీ పేరు మీద రసీదు ఇస్తారా అని కూడా అడగండి. జవాబు చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది.

బయటి రాష్ట్రాల కాలేజీలన్నీ ఇంతే అనడం లేదు. కర్ణాటకలో, తమిళనాడులో నిజంగా వార్డులో నిలబెట్టి నేర్పే కాలేజీలున్నాయి. వెల్లూరు సీఎంసీ 1946లోనే బీఎస్సీ నర్సింగ్ మొదలుపెట్టింది. ఎక్కడ చేరినా మూడు కాగితాలు సరిచూసుకోండి: నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు జాబితా, ఆ రాష్ట్ర హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్, ఆ రాష్ట్ర కౌన్సిల్ అనుమతి. మూడింటిలోనూ మీరు చేరే విద్యాసంవత్సరం ఉండాలి, మీ స్పెషాలిటీ పేరుండాలి, సీట్ల సంఖ్య ఉండాలి. కాలేజీకి బీఎస్సీ గుర్తింపు ఉంది కదా అని ఎంఎస్సీకీ ఉందనుకుని మోసపోయేవాళ్లు ఎక్కువ. ఒక స్పెషాలిటీకి అనుమతి తీసుకుని ఇంకోదాంట్లో చేర్చుకునేవాళ్లూ ఉన్నారు. బయటి రాష్ట్రంలో చదివితే తిరిగొచ్చాక తెలంగాణ కౌన్సిల్‌లో ఆ అదనపు అర్హతను నమోదు చేయించుకోవడం మర్చిపోవద్దు. చాలామంది ఇంటర్వ్యూ లెటరు వచ్చాక పరుగెడతారు.

ఇక డబ్బు. మీరు పోల్చుకున్నది మూడున్నర లక్షల ఏజెంటు ఫీజును, రెగ్యులర్ కాలేజీ ఫీజును. కానీ రెగ్యులర్‌గా చదివితే అసలు ఖర్చు ఫీజు కాదు, రెండేళ్ల జీతం. నెలకు 32 వేల చొప్పున 7 లక్షల 68 వేలు. ఇంత పెద్ద అంకెను ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు కాబట్టే అందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు. భర్తతో కూర్చుని కాగితం మీద వేయండి. 24 నెలల కిస్తీ 3 లక్షల 36 వేలు అవుతుంది. అందులో ఎంత ముందే కూడబెట్టగలరు? ఈ ఏడాదంతా నెలకు 8 వేలు పక్కన పెడితే 96 వేలు, అంటే దాదాపు ఏడు కిస్తీలు. ఫీజుకు ఎడ్యుకేషన్ లోను తీసుకోండి. బ్యాంకులు పాటించే మామూలు పద్ధతిలో 4 లక్షల వరకు తాకట్టు అడగరు, కోర్సు కాలం మీద ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కన్వీనర్ కోటాలో వస్తే ఫీజు భారం బాగా తగ్గుతుంది కాబట్టి వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్‌ను మొదటి లక్ష్యంగా పెట్టుకోండి. 55 శాతం మార్కులు, బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం అడుగుతారు. మీకు రెండూ ఉన్నాయి. ఇంటికి దగ్గరలో సీటు వస్తే పాప, అత్తగారు ఉన్నచోటే ఉంటారు. అది డబ్బులో కనపడని పెద్ద లాభం.

జీతం పూర్తిగా ఆగకూడదంటే మీకు సరిపోయే ఇంకో కోర్సు ఉంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. ఇదీ రెండేళ్ల పీజీనే. రెసిడెన్సీ పద్ధతి కాబట్టి క్లాసులు తక్కువ, ఐసీయూ ఎక్కువ. నడిపే ఆసుపత్రి తన జీతాల ప్రకారం రెసిడెంట్‌కు డబ్బివ్వాలన్నది ఆ కోర్సు పద్ధతిలోనే ఉంది. ఎంతిస్తారో చేరకముందే రాతలో అడగండి, నోటి మాట నమ్మొద్దు. ఏడేళ్ల ఐసీయూ ఉన్న మీకు చదువు నల్లేరు మీద నడకే. చిక్కు తర్వాత వస్తుంది. ఆ పేరుతో మన దగ్గర పోస్టులు చాలా తక్కువ, ఎక్కువమంది పాత హోదాలోనే పాత జీతానికే మిగిలిపోతారు. బోధనే మీ గురి అయితే, మీరు చేరాలనుకునే కాలేజీలో ఈ డిగ్రీని మెడికల్ సర్జికల్ (పెద్దవాళ్ల జబ్బులు, ఆపరేషన్ల నర్సింగ్) ఫ్యాకల్టీ అర్హతగా తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, 1947 నాటి కౌన్సిల్ చట్టాన్ని తప్పించడానికి. నిబంధనలు మారే కాలం కాబట్టి ఏ జవాబైనా తేదీతో, సంతకంతో దగ్గరుంచుకోండి.

జర్మనీ మాట. మీ మరిది చెప్పేది గాలి మాటేం కాదు. అక్కడ నర్సులు కావాలి. మీ బీఎస్సీ సరిపోతుంది, ఎంఎస్సీ అక్కర్లేదు. కావలసింది భాష. జర్మన్‌లో బీ2 స్థాయి (ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి) అందుకోవాలంటే నైట్ డ్యూటీలు చేస్తూ ఏడాది తేలిగ్గా పడుతుంది. వెళ్లాక మీ అర్హతను వాళ్లు గుర్తించాలి, దానికి పరీక్షో శిక్షణో ఉంటుంది, అది అయ్యేదాకా పూర్తి స్థాయి నర్సు జీతం ఉండదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపిస్తోంది. ప్రైవేటు ఏజెంటు గడప తొక్కే ముందు అక్కడ అడగండి. ఇంటి లోను తీర్చడమే మొదటి అవసరమైతే ఈ దారిలో తప్పేమీ లేదు. అయితే ఒక సంగతి తెలిసి వెళ్లండి: అక్కడ మీరు పనిచేసే ఏళ్లు బోధన అనుభవం కిందికి రావు. కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎంఎస్సీతో పాటు మూడేళ్లు, అసోసియేట్‌కు మొత్తం ఎనిమిదేళ్లు, అందులో ఐదు బోధన, ప్రొఫెసర్‌కు పదేళ్లు, అందులో ఏడు బోధన అడుగుతారు. ఇప్పటి నుంచి ఐదేళ్లకు తిరిగొచ్చి ఎంఎస్సీలో చేరొచ్చు, తలుపేమీ మూసుకోదు. కానీ మెట్ల లెక్క 37 ఏళ్లకు మొదలవుతుంది. ఇప్పుడే చదివితే 33కు మొదలవుతుంది. ఆ తేడాకు మీరు ఎంత విలువ కడతారో మీరే చెప్పాలి, మరిది కాదు.

ఒక హెచ్చరిక కూడా వినండి. ప్రైవేటు కాలేజీలో ట్యూటర్ జీతం మీ ఐసీయూ జీతం కన్నా తక్కువుండటం మామూలే. చదువయ్యాక జీతం పెరుగుతుందని ఇంట్లో మాటిచ్చి ఉంటే, ఆ మాట ఇప్పుడే సవరించుకోండి.

స్పెషాలిటీ గురించి ఎక్కువ ఆలోచించకండి. మెడికల్ సర్జికల్ తీసుకుని అందులో క్రిటికల్ కేర్. సీట్లు తేలిగ్గా దొరుకుతున్నాయని వేరే స్పెషాలిటీలోకి వెళ్తే మీ ఏడేళ్ల చేతి పని పక్కకు పోతుంది.

ఇప్పుడు పీహెచ్‌డీ, నవ్వుతున్నవాళ్ల సంగతి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఎంఎస్సీలో 55 శాతం ఉండాలి. యూజీసీ నెట్ పరీక్షలో నర్సింగ్ సబ్జెక్టు లేదు కాబట్టి యూనివర్సిటీ పెట్టే ఎంట్రన్సు, ఇంటర్వ్యూలే దారి. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు ఇంకో రెండేళ్ల సడలింపు, 240 రోజుల దాకా ప్రసూతి సెలవు ఉన్నాయి. మొదట కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, తర్వాత ప్రతి సెమిస్టరూ సలహా కమిటీ ముందు పని ఎంతవరకొచ్చిందో చూపించాలి. పార్ట్‌టైమ్‌కు అవకాశం ఉంది, కానీ చదువుకు టైమిస్తామని, కోర్స్‌వర్క్‌కు అవసరమైతే డ్యూటీ నుంచి వదులుతామని పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఇది నర్సింగ్ కాలేజీలో ఉంటే దొరుకుతుంది, ఐసీయూ రోస్టరు వేసే చోట దాదాపు దొరకదు. గైడ్ విషయంలో ఒక జాగ్రత్త: ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మందికి మించి ఉండకూడదు, రిటైర్మెంటుకు మూడేళ్ల లోపున్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. ఖాళీ ఉందో లేదో, వయసెంతో మొహమాటం లేకుండా అడగండి. మధ్యలో గైడ్ మారితే ఏడాది పోతుంది.

కానీ పీహెచ్‌డీలు ఎక్కువగా ఆగిపోయేది ఈ రూల్స్ దగ్గర కాదు, ప్రశ్న దగ్గర. మన ఎంఎస్సీ డిసర్టేషన్ల అట్టలు చూడండి. సగానికి పైగా ఒకే మూస: 'ఫలానా విషయంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం, 60 మంది స్టాఫ్ నర్సులు'. ముందు ప్రశ్నపత్రం, ముప్పావు గంట పాఠం, వారం తర్వాత అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి, పి వాల్యూ 0.05 కన్నా తక్కువొస్తుంది, అంటే ఆ తేడా ఊరికే వచ్చింది కాదని లెక్క చెబుతుంది. పాఠం చెప్పి అదే అడిగితే మార్కులు పెరగకుండా ఎలా ఉంటాయి? మంచంలో ఉన్న మనిషికి ఏమైందో మాత్రం ఎవరూ చూడరు.

మీ ఐసీయూకే ఆ మూసను తెచ్చిపెట్టండి. బెడ్‌సోర్లు వస్తున్నాయి, కాబట్టి నర్సులకు పాఠం చెబుదాం అంటారు. కానీ మీరే రాశారు, సమస్య తెలియకపోవడం కాదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా రెండు గంటలకోసారి అంటే ఒక్కో పేషెంటుకు ఆరుసార్లు, ముగ్గురికి పద్దెనిమిది. ట్యూబులు, లైన్లు చూసుకుంటూ వెంటిలేటర్ పేషెంటును తిప్పడానికి ఇద్దరు మనుషులు, ఒక్కోసారికి పది నిమిషాలు అనుకుందాం. మూడు గంటలు మీవి, ఇంకో మూడు గంటలు పక్క సిస్టర్‌వి. ఆమెకూ ముగ్గురున్నారు. ఆమెకు మీరు సాయం వెళ్లాలి, మరో మూడు గంటలు. పన్నెండులో ఆరు గంటలు తిప్పడానికే పోతే సక్షన్, మందులు, శాంపిళ్లు, కొత్త అడ్మిషన్ ఎప్పుడు? తెల్లారుజామున ఐదింటికి చార్టు నిండిపోవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. పాఠం చెబితే ఈ లెక్క మారదు.

ఇందులో ఇంకో పొర ఉంది. బెడ్‌సోర్ మొదటి దశను నొక్కినా తెల్లబడని ఎరుపుగా గుర్తించమని పుస్తకం చెబుతుంది. నడుము కింద ఎముక మీద వేలితో మూడు సెకన్లు నొక్కి వదిలి చూస్తారు. మన పేషెంట్లలో చాలామంది చామనఛాయ, నలుపు. ఎరుపే సరిగ్గా కనపడని చర్మం మీద తెల్లబడటం ఏం కనపడుతుంది? అక్కడ కంటి కన్నా చెయ్యే నమ్మకం: వేళ్ల వెనక్కి తగిలే వేడి, పక్క చోటుతో పోలిస్తే గట్టిదనమో మెత్తదనమో. బెడ్‌సోర్ ముప్పును అంచనా వేసే బ్రేడెన్ స్కేల్‌లో 18, అంతకన్నా తక్కువ వచ్చిన పేషెంటును ఇద్దరు నర్సులు ఒకరికి తెలియకుండా ఒకరు అరగంట తేడాతో చూస్తే, ఇద్దరూ ఒకే మాట రాస్తారా? ఎంఎస్సీకి సరిపోయే ప్రశ్న ఇది. చిన్నది, చేయగలిగింది, గణాంకం కప్పా ఒక్కటే, ఇద్దరి మాట ఎంతవరకు కలిసిందో కొలిచేది. పీహెచ్‌డీకి ఇదే పెద్దదవుతుంది: కొన్ని ఐసీయూలు, కొన్ని నెలలు, రాత్రి ఎంతమంది సిబ్బంది, నిజంగా ఎన్నిసార్లు తిప్పారు, ఎంతమందికి పుండ్లు వచ్చాయి. తిప్పే పద్ధతినో సిబ్బంది అమరికనో మార్చి ఫలితం చూసే ట్రయల్ అయితే ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు మొదటి పేషెంటును చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు చేయాలి. అందరూ తడబడేది ఇక్కడే. డేటా తీసుకున్నాక నమోదుకు వెళ్తే మంచి జర్నల్ వేసుకోదు.

ఏజెంటు సీటు తీసుకుంటే డిసర్టేషన్ వాళ్లే రాస్తారన్నారు కదా. వాళ్లు రాసేది ఆ అరవై మంది మూసే. మీ ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఐదింటికి నింపిన చార్టు ఎలాంటిదో, ఆ లాగ్‌బుక్కూ అలాంటిదే.

చార్టు సంగతి చదువు పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఈ వారమే మీ ఇన్‌చార్జ్ సిస్టర్‌తో ఒంటరిగా మాట్లాడండి, ఎవరి పేరూ ఎత్తకుండా, పైన వేసిన గంటల లెక్క మాత్రం చూపించి. మీ వరకు మీరు తిప్పినప్పుడు ఆ టైము రాయండి, తిప్పలేనప్పుడు 'తిప్పలేదు, సిబ్బంది లేరు' అని రాయండి. కొన్నాళ్లు మీ చార్టు ఒక్కటే చెడ్డగా కనపడుతుంది, ఇన్‌చార్జ్ మేడమ్‌తో మాటా పడొచ్చు. అందుకే ముందు ఆమెకు చెప్పడం. వినకపోతే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకో క్వాలిటీ విభాగానికో అదే లెక్క ఇవ్వండి. ఆసుపత్రి అక్రెడిటేషన్ కోసం బెడ్‌సోర్ల రేటు వాళ్లు లెక్కగట్టి ఉంటారు.

ఇంటికొచ్చాక ఒక నోటుబుక్కులో, పేషెంటు పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) లేకుండా, మీకు వచ్చిన అనుమానాలు రాసుకోండి: ఏ వేళలో తిప్పడం తప్పిపోతోంది, మడమల మీద ముందొస్తోందా, నడుము మీదా, సన్నగా ఉన్నవాళ్లకా, వాపు ఉన్నవాళ్లకా. అనుమతి లేకుండా తీసిన అంకెలు పరిశోధనలో డేటా కావు, థీసిస్‌లో వాడకూడదు. కానీ రెండేళ్ల తర్వాత సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాయడానికి కూర్చున్నప్పుడు టాపిక్ ఇవ్వమని గైడ్‌ను అడగాల్సిన పని ఉండదు.